ఇటుక గోడల గదిలో ప్లేనార్ స్పీకర్లు: ఏ మోడల్ తీసుకోవాలి, సబ్‌వూఫర్‌ను ఎలా జతచేయాలి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. కర్నూలులో మిద్దె మీద 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది ఉంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, కాంక్రీటు కప్పు, కింద బేతంచెర్ల నాపరాళ్ళు. వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం, ఎనభైల నాటి సినిమా పాటలు, ఇంట్లో పిల్లల కోసం కొత్త పాటలు. మాగ్నెపాన్ ఎల్‌ఆర్‌ఎస్ ప్లస్, అదే సంస్థ 1.7ఐ, మార్టిన్ లోగన్ వారి ఎలక్ట్రోస్టాటిక్ హైబ్రిడ్, ఈ మూడింటిలో ఏది తీసుకోవాలి, పోర్టు (గాలి రంధ్రం) ఉన్న పెద్ద సబ్‌వూఫర్ (లోతైన బేస్ కోసం పెట్టే విడి స్పీకర్) ఒకటి చాలునా, చిన్నవి రెండు కావాలా, అసలు సబ్‌వూఫర్ ప్లేనార్ (పెట్టెకు బదులు పలుచని పొరతో పలికే స్పీకర్) వేగాన్ని అందుకోగలదా అన్నవి మీ సందేహాలు. నా సలహా ముందే చెబుతాను: ఈ గదికి ఎల్‌ఆర్‌ఎస్ ప్లస్, రెండు చిన్న సీల్డ్ (రంధ్రం లేకుండా పూర్తిగా మూసిన) సబ్‌వూఫర్లు, వాటితోపాటు తప్పనిసరిగా ఒక కొలత మైకు. కారణాలు కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఈ నిర్ణయంలో స్పీకర్ కంటే మీ గోడలకే ఎక్కువ పాత్ర ఉంది.

మనం చదివే సమీక్షల్లో అధిక భాగం అమెరికాలో రాసినవి. అక్కడి ఇళ్ళు చాలావరకు చెక్క చట్రం మీద జిప్సం బోర్డు బిగించి కట్టినవి. ఆ గోడ తక్కువ పౌనఃపున్యాల వద్ద కొద్దిగా కదులుతుంది, ఆ కదలికలో బేస్ శక్తి కొంత ఖర్చవుతుంది, మరికొంత గోడ దాటి పక్క గదికి పోతుంది. మన ఇటుక గోడ, సిమెంటు పూత, కాంక్రీటు కప్పు, నాపరాయి నేల కలిసిన గదిలో ఆ శక్తి పోవడానికి దారి ఉండదు. అందుకే అక్కడ "బేస్ కాస్త పలుచన" అని సమీక్షకుడు రాసిన స్పీకర్ మన దగ్గర సరిపోతుంది, అక్కడ "ఘనంగా ఉంది" అన్న సబ్‌వూఫర్ మన దగ్గర గుంయిగుంయిమని చిరాకు తెప్పిస్తుంది. సమీక్ష చదివేటప్పుడు ముందుగా ఆ గది ఎలాంటిదో చూడడం మంచిది.

ప్లేనార్ స్పీకర్‌లో పెట్టె ఉండదు. ఒక పలుచని ప్లాస్టిక్ పొర మీద సన్నని తీగ గాని, అల్యూమినియం పట్టీ గాని అంటించి, దాని ఎదుట అయస్కాంతాల వరుస అమర్చితే, కరెంటు పారినప్పుడు పొర అంతా ముందుకూ వెనక్కూ కదులుతుంది. మాగ్నెపాన్‌ను 1969లో స్థాపించిన జిమ్ వైనీ పద్ధతి ఇదే. ఎలక్ట్రోస్టాటిక్‌లో అయస్కాంతం బదులు పొర మీద అధిక వోల్టేజి విద్యుదావేశం ఉంటుంది. బ్రిటన్‌లో పీటర్ వాకర్ 1957లో మార్కెట్లోకి తెచ్చిన క్వాడ్ ఈ జాతిలో పేరు పొందిన తొలి స్పీకర్. రెండు జాతులకూ ఉమ్మడి లక్షణం ఏమిటంటే, ముందుకు ఎంత ధ్వని వస్తుందో వెనక్కూ అంతే వస్తుంది, కాని తలకిందులుగా వస్తుంది. పొర ముందుకు గాలిని నెట్టిన క్షణంలోనే వెనుక వైపు గాలిని లాగుతుంది గనుక ఆ రెండూ పక్కల వద్ద కలిసి ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. పాట పెట్టి, స్పీకర్ ఎదుట నుంచి నెమ్మదిగా దాని అంచు వైపు నడిచి చూడండి. తొంభై డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి గాయకుడి గొంతు ఒక్కసారిగా సన్నబడి, గది నుంచి తిరిగి వచ్చే ధ్వని మాత్రమే మిగులుతుంది. ఇంకో రెండడుగులు వేసి వెనక్కు వెళ్తే గొంతు మళ్ళీ వస్తుంది. నున్నటి సిమెంటు గోడలు, నాపరాయి నేల ఉన్న గదిలో ఇది పెద్ద వరం, ఎందుకంటే పక్క గోడల మీదికి పోయే ధ్వని తగ్గుతుంది. పొడవైన పొర కాబట్టి నేల మీదికి, కప్పు మీదికి పోయేదీ కొంత తగ్గుతుంది.

అదే లక్షణం బేస్ దగ్గర భారంగా మారుతుంది. తరంగం పొడవు స్పీకర్ వెడల్పును మించే కొద్దీ వెనుక ధ్వని చుట్టూ తిరిగి వచ్చి ముందు ధ్వనిని మింగేస్తుంది. మామూలు పెట్టె స్పీకర్ ఒక స్థాయి (ఆక్టేవ్) కింది స్వరాన్ని అదే బిగ్గరతో పలకాలంటే కోను నాలుగింతలు కదలాలి. ముందూ వెనుకా తెరిచి ఉన్న పొర ఎనిమిదింతలు కదలాలి. పొరకూ అయస్కాంతాలకూ మధ్య ఉన్న సందు అతి స్వల్పం కనుక ఆ కదలికకు చోటు లేదు. చిన్న ప్లేనార్‌ను బిగ్గరగా పెట్టి డోలు మోగించినప్పుడు వినిపించే టపటప శబ్దం పొర తన హద్దుకు తగిలిన శబ్దమే.

ఇక మోడళ్ళు. ఎల్‌ఆర్‌ఎస్ ప్లస్ సుమారు 4 అడుగుల ఎత్తు, 14.5 అంగుళాల వెడల్పు ఉంటుంది, కంపెనీ ఇచ్చే కింది హద్దు 50 హెర్ట్జ్. 1.7ఐ ఎత్తు 64.5 అంగుళాలు, వెడల్పు 19 అంగుళాల పైమాట, కింది హద్దు 40 హెర్ట్జ్. మధ్యలో .7 అనే మోడల్ ఉంది, మీరు అడగలేదు కనుక దాని జోలికి పోను. 1.7ఐ మూడు విభాగాల స్పీకర్. గొంతులో నిండుదనం, వీణ మంద్ర తంత్రిలో బరువు, పెద్ద శబ్దం దగ్గర నిబ్బరం, ఈ మూడింటిలో అది స్పష్టంగా మెరుగు. అయితే ఆ అదనపు పది హెర్ట్జ్ కోసమే దానిని కొనదలచుకుంటే ఆ డబ్బు సబ్‌వూఫర్ మీద పెట్టడమే తెలివైన పని, ఎందుకంటే 40 వద్ద 1.7ఐ కూడా హద్దు చివరనే ఉంటుంది.

మీ గదిలో దానికి చోటు కూడా ఇరుకే. వెనుక నుంచి వచ్చే ధ్వని గోడకు కొట్టుకొని ఆలస్యంగా చెవికి చేరాలి. స్పీకర్ గోడకు అడుగు దూరంలో ఉంటే ఆ ఆలస్యం రెండు మిల్లీసెకన్ల లోపే ఉండి అసలు ధ్వనితో కలిసి గొంతును మసకబారుస్తుంది. నాలుగడుగులు ముందుకు జరిపితే ఆ ధ్వని ఎనిమిదడుగులు అదనంగా ప్రయాణించి ఏడు మిల్లీసెకన్లు వెనుకబడుతుంది, అప్పుడది మసకగా కాక లోతుగా వినిపిస్తుంది. 15 అడుగుల్లో నాలుగు అలా పోతే, కుర్చీకీ స్పీకర్లకూ మధ్య ఎనిమిదడుగులు వదిలితే, మీ వీపు వెనుక మూడడుగులే మిగులుతాయి. 12 అడుగుల వెడల్పులో రెండు స్పీకర్ల మధ్య బిందువులకు ఏడడుగుల దూరం ఇస్తే ఒక్కో పక్క రెండున్నర అడుగులు. ఎల్‌ఆర్‌ఎస్ ప్లస్ ఈ కొలతల్లో హాయిగా కూర్చుంటుంది. 1.7ఐ అయితే తలుపులా నిలబడి గదిని రెండుగా విడదీస్తుంది, పైగా ఎనిమిదడుగుల దూరం నుంచి దాని వేర్వేరు పట్టీల ధ్వని ఒక్కటిగా కలవడం కొంచెం కష్టం. 18 అడుగుల హాలు ఉన్నవారికి నేను 1.7ఐ వైపే మొగ్గుతాను.

మార్టిన్ లోగన్ హైబ్రిడ్ విషయం వేరు. పైన ఎలక్ట్రోస్టాటిక్ తెర, కింద మామూలు వూఫర్ ఉన్న పెట్టె. బేస్ పెట్టె నుంచే వస్తుంది కనుక ఆ భాగంలో అది మీ గదితో ఏ మామూలు స్పీకర్ లాగానో ప్రవర్తిస్తుంది, పక్కలకు కూడా బేస్ పంపుతుంది. తెర పారదర్శకత చెప్పనలవి కాదు, వయొలిన్ మీద కమాను ఒరుసుకునే శబ్దం అందులో వినిపించినట్లు మాగ్నెపాన్‌లో వినిపించదు. కాని దానికి గోడ ప్లగ్గు నుంచి నిరంతరం కరెంటు కావాలి, ఆవేశం ఉన్న తెర దుమ్మును ఆకర్షిస్తుంది, వేసవి గాలి లేచినప్పుడు కర్నూలు, అనంతపురం ఇళ్ళల్లో కిటికీ మూసినా దుమ్ము ఎలా చేరుతుందో మీకు తెలియనిది కాదు. కోస్తా తేమ లేకపోవడం ఒక్కటే మనకు కలిసివచ్చే అంశం. పై పౌనఃపున్యాల వద్ద దాని ఇంపెడెన్స్ (కరెంటుకు చూపే నిరోధం) 2 ఓమ్‌ల కిందికి పడిపోతుంది, యాంప్లిఫయర్ అందుకు తట్టుకోవాలి. సేవా కేంద్రం దూరంగా ఉన్న ఊళ్ళో ఉండేవారికి కరెంటు అక్కరలేని మాగ్నెపాన్ నిశ్చింత అని నా అభిప్రాయం.

సబ్‌వూఫర్ నిజంగా కావాలా అన్నది వినే సంగీతాన్ని బట్టి ఉంటుంది. పురుష గాయకుడు ఒకటి శ్రుతిలో పాడితే ఆధార షడ్జం 130 హెర్ట్జ్ దగ్గర, తంబుర మంద్ర షడ్జం 65 దగ్గర ఉంటుంది. కచేరీలో 50 కిందికి వెళ్ళేది దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి కర్ణాటక సంగీతం మాత్రమే వినేవారికి ఎల్‌ఆర్‌ఎస్ ప్లస్ ఒంటరిగా చాలవచ్చు. సినిమా పాటల్లో బేస్ గిటారు అడుగు తంత్రి 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, ఇప్పటి పాటల్లో సింథసైజర్ బేస్ 30 వరకు దిగుతుంది. అయితే కచేరీ వినేవారికి కూడా సబ్‌వూఫర్ వల్ల ఒక ప్రయోజనం ఉంది. 80 కింది పనిని పొర మీద నుంచి తీసివేస్తే, మృదంగం తొప్పి మీద గట్టి దెబ్బ పడిన క్షణంలో గాయకుడి గొంతు వణకకుండా నిలుస్తుంది.

ఇప్పుడు అసలు సందేహం: సబ్‌వూఫర్ ప్లేనార్ వేగాన్ని అందుకోలేదన్న మాట. పలుచని పొర తేలిక, బరువైన కోను మొద్దు అన్న వాదన వినడానికి సబబుగా ఉంటుంది గాని, 80 హెర్ట్జ్ ఫిల్టరు (అంతకు పైవాటిని ఆపేది) దాటి వచ్చిన సంకేతానికి అంతకంటే వేగంగా కదలవలసిన అవసరమే లేదు. కోను ఆ పనిని సులువుగా చేస్తుంది. ఆలస్యమయ్యేది గది. మీ గది కొలతలతో లెక్క వేస్తే పొడవు వైపు అనునాదం 37.5 హెర్ట్జ్ వద్ద, వెడల్పు వైపు 47 వద్ద, నేలకూ కప్పుకూ మధ్య 56 వద్ద పడుతుంది. ఈ మూడు స్వరాలు తగిలినప్పుడు, పాట ఆగినా గది ఆగదు. ఇటుక గోడలు ఆ శక్తిని తాగవు గనుక అది అర సెకను దాకా గుంయిమంటూ ఉంటుంది. సబ్‌వూఫర్‌ను మూలలో పెడితే ఈ మూడూ ఒకేసారి లేస్తాయి. పక్కకు ధ్వని పంపని పొర 47ను దాదాపు తాకదు, 37ను పలికే శక్తే దానికి లేదు. కనుక సబ్‌వూఫర్ లేనప్పుడు బేస్ చురుకుగా, పెట్టగానే బద్ధకంగా వినిపిస్తుంది, నింద కోను మీద పడుతుంది. వేసవిలో నలభై డిగ్రీల గదిలో ధ్వని వేగం 343 నుంచి 355 మీటర్లకు పెరిగి ఈ అంకెలు ఒకటి రెండు హెర్ట్జ్ పైకి జరుగుతాయి, దాని గురించి ఆందోళన అక్కరలేదు.

రెండు సబ్‌వూఫర్లు కావాలనడానికి కారణం ఇదే, శబ్దం చాలక కాదు. ఒకదానిని స్పీకర్ల వెనుక గోడకు సరిగ్గా మధ్యలో, రెండోదానిని మీ కుర్చీ వెనుక గోడకు సరిగ్గా మధ్యలో పెట్టండి. వెడల్పు మధ్యలో ఉన్నందువల్ల 47ను రెండూ లేపవు. పొడవు అనునాదంలో ఎదురెదురు గోడల వద్ద పీడనం ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉంటుంది కనుక ఒకే సంకేతంతో నడిచే ఈ రెండూ 37ను పరస్పరం రద్దు చేస్తాయి. హర్మన్ సంస్థలో టాడ్ వెల్టీ చేసిన అధ్యయనాల వల్ల ఈ అమరిక బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ మూడింటిలో మిగిలేది 56 ఒక్కటే, రెండు పెట్టెలూ నేల మీదే ఉన్నాయి గనుక అది పోదు. దానిని ఈక్వలైజర్‌లో (ఏ పౌనఃపున్యాన్ని ఎంత పెంచాలో, తగ్గించాలో సర్దే సాధనం) సన్నని కోతతో నాలుగైదు డెసిబెల్స్ తగ్గిస్తే చాలు. ఒక జాగ్రత్త ఏమిటంటే, వెనుక పెట్టె దగ్గరగా ఉంది కదా అని దానికి మాత్రం వేరే ఆలస్యం పెట్టవద్దు. రెండింటి సంకేతం ఒకేసారి వెళ్ళకపోతే 37 దగ్గర జరగవలసిన రద్దు చెడుతుంది.

సీల్డ్ పెట్టె ఎందుకంటే, గది పొడవు అనునాదానికి కింద, అంటే 37 కింద, మూసిన గది తానే బేస్‌ను పెంచుతుంది, ఇటుక గది మరీ ఎక్కువ పెంచుతుంది. సీల్డ్ సబ్‌వూఫర్ స్వభావసిద్ధంగా స్థాయికి 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతూ పోతుంది. ఈ పెరుగుదల, ఆ తగ్గుదల కలిసి 20 దాకా సమంగా వస్తాయి. పోర్టు ఉన్న పెద్ద పెట్టె 20 దాకా తానే పూర్తిగా పలుకుతుంది కనుక గది పెంపు దాని మీద అదనంగా పడి గుండెల మీద కూర్చున్నట్లుంటుంది. థియేటర్ లాంటి సినిమా అనుభవం కోరేవారికి అది ఇష్టం కావచ్చు, మీరు చెప్పిన సంగీతానికి తగదు. 10 అంగుళాల సీల్డ్ పెట్టెలు రెండు మీ గదికి ఎక్కువే. ఎస్‌వీఎస్ ఎస్‌బీ-1000 ప్రో 12 అంగుళాలది, అందులో ఫోన్ ద్వారా సర్దుకునే ఈక్వలైజర్ కూడా ఉంది గనుక ఎక్కువ మంది దాని వైపు వెళ్తున్నారు. మంచి ఎంపికే.

జతపరచడం దగ్గర చాలామంది తొందరపడతారు. పొరను పూర్తిగా పాడనిచ్చి కింద సబ్‌వూఫర్‌ను చేర్చడం ఒక పద్ధతి, పొరకు 80 కింద అడ్డం వేసి ఆ పనిని సబ్‌వూఫర్‌కు అప్పగించడం రెండోది. ఎల్‌ఆర్‌ఎస్ ప్లస్‌కు రెండోదే సరైనదని నా నమ్మకం, ఎందుకంటే 50 దగ్గర పొర తన శక్తి మేరకు ఇప్పటికే అలసి ఉంటుంది. ఇందుకు మినీడీఎస్‌పీ 2x4 హెచ్‌డీ అనే, సంకేతాన్ని డిజిటల్‌గా సర్దే చిన్న పెట్టె సరిపోతుంది. రెండు సంకేతాలు లోపలికి, నాలుగు బయటికి, అంటే రెండు పొరలు, రెండు సబ్‌వూఫర్లు. యూమైక్-1 అనే యూఎస్‌బీ మైకు, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ దీనికి తోడు. ఇది వాడాలంటే మీ యాంప్లిఫయర్‌కు ప్రీ అవుట్ (సంకేతం బయటికి తీసే చోటు), పవర్ ఇన్ (దానిని తిరిగి లోపలికి పంపే చోటు) వేరువేరుగా ఉండాలి, లేదా పవర్ యాంప్లిఫయర్ విడిగా ఉండాలి. కొనే ముందు వెనుక పలక చూడండి.

కాలం సరిపెట్టే పద్ధతి ఇలా ఉంటుంది. మైకును మీ చెవి ఉండే చోట నిలబెట్టి 80 హెర్ట్జ్ స్వరం ఒక్కటే వదలండి. సబ్‌వూఫర్ల ధ్రువణను (ప్లస్, మైనస్‌లను) కావాలని తిరగేయండి. ఇప్పుడు పొర, సబ్‌వూఫర్ ఒకదానినొకటి కొట్టివేసుకోవాలి. మినీడీఎస్‌పీలో పొరలకు అర మిల్లీసెకను చొప్పున ఆలస్యం పెంచుతూ పొండి, మీటరు ముల్లు ఒకచోట ఒక్కసారిగా లోతుకు జారుతుంది, దాటితే మళ్ళీ లేస్తుంది. ఆ లోతైన చోట ఆపి ధ్రువణను మామూలు స్థితికి తెస్తే రెండూ గట్టిగా కలుస్తాయి. ఆలస్యం సబ్‌వూఫర్‌కు కాక పొరకు ఎందుకంటే, సబ్‌వూఫర్ లోపలి డిజిటల్ లెక్కకే కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, అది ఎప్పుడూ వెనుకబడే ఉంటుంది. ఒక మిల్లీసెకను అంటే దాదాపు 34 సెంటీమీటర్ల దూరం. ఇది సరిగా కుదిరినప్పుడు బేస్ వెనుక పెట్టె నుంచి వస్తున్నట్లు అనిపించడం ఆగిపోయి, మృదంగం గాయకుడి పక్కకే చేరుతుంది. ఆ తరువాతే శబ్ద స్థాయి సర్దండి, అది కూడా మీకు సరిపోయిందనిపించిన చోటి కంటే రెండు డెసిబెల్స్ తక్కువగా.

యాంప్లిఫయర్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఎల్‌ఆర్‌ఎస్ ప్లస్ సున్నితత్వం (నిర్ణీత సంకేతానికి ఎంత బిగ్గరగా పలుకుతుందన్న అంకె) 86 డెసిబెల్స్ అని కాగితం మీద ఉంటుంది, కాని అది 2.83 వోల్టులకు ఇచ్చిన అంకె. 4 ఓమ్‌ల స్పీకర్‌కు 2.83 వోల్టులంటే రెండు వాట్లు. ఒక్క వాటుకు 83 మాత్రమే. 4 ఓమ్‌ల వద్ద నిజంగా వంద, నూట యాభై వాట్లు ఇవ్వగల యాంప్లిఫయర్ ఉండాలి. 8 ఓమ్‌ల అంకె మాత్రమే రాసి ఊరుకునే ఆడియో-వీడియో రిసీవర్లను నమ్మవద్దు. 80 కింది భారం తీసేశాక యాంప్లిఫయర్ కూడా తేలికపడుతుంది గనుక లక్షలు పోయనక్కరలేదు.

మన ప్రాంతానికి సంబంధించినవి మరి రెండు మూడు ఉన్నాయి. మాగ్నెపాన్‌లో తీగను పొరకు అంటించేది జిగురు. పాత మోడళ్ళలో ఆ జిగురు ఎండకూ వేడికీ వదిలి, తీగ లేచి, బరబర శబ్దం రావడం అందరికీ తెలిసిన సంగతే. పడమటి కిటికీ ఎండ నేరుగా పడే చోట స్పీకర్ పెట్టవద్దు, వాడనప్పుడు ముదురు గుడ్డ కప్పండి, పాతవి కొంటుంటే బిగ్గరగా వినిపించుకొని కొనండి. నాపరాయి మీద స్పీకర్లకూ కుర్చీకీ మధ్య మందమైన జంపకానా పరచండి, బొంతైనా సరే. సీలింగ్ ఫ్యాన్ కింద ఏ స్పీకర్ అయినా సగమే పలుకుతుంది, మే నెలలో అది ఆపలేము గనుక సర్దుబాట్లు, కొలతలు తెల్లవారుజామున పెట్టుకోండి.

సబ్‌వూఫర్ ప్లగ్గులు, మినీడీఎస్‌పీ, యాంప్లిఫయర్ అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. వెనుక గోడ దగ్గరి పెట్టెకు అక్కడి ప్లగ్గు వాడితే ఎర్తుల మధ్య తేడా వల్ల 50 హెర్ట్జ్ గుంయి మొదలుకావచ్చు, అప్పుడు ఎవరైనా ఎర్త్ పిన్ను తీసేయమని చెబితే వినవద్దు, అది ప్రాణానికి ప్రమాదం. పొడుగాటి పవర్ కేబుల్ ఒకటి ఆ గోడ దాకా లాగడమే మార్గం. స్పీకర్ తీగల నుంచే సంకేతం తీసుకునే హైలెవెల్ పద్ధతి వాడదలిస్తే, మీ యాంప్లిఫయర్ బ్రిడ్జ్ చేసిన క్లాస్-డీ రకమేమో (స్పీకర్ మైనస్ కొసలో కూడా సంకేతం ఉండే రకం) ముందు తెలుసుకోండి. అలాంటి దానిలో సబ్‌వూఫర్ కేబుల్ నల్ల తీగను స్పీకర్ మైనస్ టెర్మినల్‌కు కలపకూడదు, యాంప్లిఫయర్ చట్రానికి కలపాలి.